నీలి చుక్క

చూస్తున్నావా అని పైనుంచి ఆయన అడిగారు, చూస్తున్నానండి అన్నాను. చూడక ఇక్కడ చేసేదేముంది. పడవ ముక్కు భాగంలో ఉన్న ఈ చిన్న గదిలో వెల్లకిలా పడుకుంటే నా ముక్కుకీ పైకప్పుకీ మధ్య జానెడు చోటు మిగులుతుంది, పక్కకి తిరగడానికి లేదు, లేచి కూర్చోడానికి లేదు, చేతిలో టార్చిలైటు, కళ్ళకెదురుగా తెల్లటి ఫైబరు కప్పు, అందులోంచి కిందికి దిగిన బోల్టుల కొసలు, వాటికి బిగించిన నట్లు. పైన డెక్కు మీద ఆయన ఒక్కొక్క బిగింపు చుట్టూ చపాతీ పిండితో చిన్న గట్టు కట్టి, అందులో నీలిమందు కలిపిన నీళ్ళు పోసి నిలబెడుతున్నారు. ఎక్కడ సందుంటే అక్కడినుంచి నీళ్ళు దిగుతాయి, దిగితే నాకు నీలి చుక్క కనపడాలి. పిండి ఉపాయం నాదే, నీలిమందు ఉపాయమూ నాదే, పిల్లలకి సైన్సు చెప్పేదాన్ని కాబట్టి ఇలాంటివి నాకు తోస్తుంటాయి, మామూలు నీళ్ళయితే ఈ ఉక్కలో ఏది చెమటో ఏది కారుడో ఎవరు చెప్పగలరు. ఉపాయం చెప్పినందుకు కింద పడుకునే వంతు కూడా నాకే వచ్చింది. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఇందులోకి రావాలంటే పాకాలి.

వాన పడిన ప్రతిసారీ నా వీపు కింద ఉన్న ఈ పరుపు తడిసిపోతోంది. తడిసే చోటు తెలుసు, నీళ్ళు దిగే చోటు తెలియదు. డెక్కు అంటే రెండు ఫైబరు పొరలూ వాటి మధ్య పలచని చెక్కా, అంతే. బోల్టు పక్కన వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, నీళ్ళు ఆ చెక్కలోకి దిగి, తమకి తోచినంత దూరం నడిచి, ఇంకెక్కడో బయటికొస్తాయి. మా అత్తగారు హన్నమ్మగారు అచ్చం ఇంతే, కోపం వంటింట్లో వస్తే వసారాలో చూపించేవారు, ఆ మాట ఎందుకన్నారో తెలుసుకోవడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టేది. ఈయన ఓడల్లో ఫిట్టరుగా పనిచేసి వచ్చిన మనిషి, నీళ్ళ సంగతి ఈయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వారం రోజులుగా తాళ్ళు కట్టే కొమ్ములు ఊడదీశారు, రెయిలింగు కాళ్ళు ఊడదీశారు, కప్పీలు ఊడదీశారు, పాత గమ్ము గీకి, కన్నాలు ఆరబెట్టి, కొత్త గమ్ము పట్టించి, వాషర్లు మార్చి మళ్ళీ బిగించారు. మొన్న వానకి మళ్ళీ కారింది. పక్క బోటు లోవరాజు వల బాగు చేసుకుంటూ నవ్వాడు. "ఆయ్ టీచర్‌గారండీ, మా ఇంజను బోటు ఎక్కి సముద్రం చూసొచ్చేద్దురూ, ఈ గాలిపడవతో మీకెందుకండీ ఇంత ఆపసోపాలు," అన్నాడు. ఓడలరేవులో తెరచాప చూస్తే పిల్లలు కూడా నవ్వుతారు ఇప్పుడు, మేము తప్ప ఎవరికీ లేదు.

"కుడివైపు కొమ్ము. పోసేను. చూడు."

"ఆఁ."

చూస్తున్నాను. పొడిగానే ఉంది. రేపు పొద్దున్న ఆటు మొదలవగానే ఆయనా మా అమ్మాయి శారోనూ ఈ పడవలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్తారు, మొదటిసారి, ఇంజను లేకుండా. ఏటిలో తిరగడం వేరు, మొగలో గాలి వేరు. తెరచాప కొయ్యని ముందు నుంచి లాగి పట్టుకునేది ఒక్క ఇనుపతీగ, ఆ తీగ బిగింపు సరిగ్గా నా నుదుటికి పైన ఉంది. దాని చుట్టూ ఉన్న చెక్క నాని మెత్తబడిందంటే, గాలి పట్టినప్పుడు బోల్టులతో సహా లేచి వచ్చేస్తుంది, కొయ్య కూలుతుంది, కూలితే వెనక చుక్కాని దగ్గర కూర్చున్న వాళ్ళ మీదే కూలుతుంది. ఇదంతా ఆయనే నాకు చెప్పారు, కొబ్బరి చిప్ప మీద పుల్ల నిలబెట్టి దారం కట్టి మరీ చెప్పారు. చెప్పినప్పుడు ఇంత భయం వేయలేదు, ఇప్పుడు ఆ నట్లు ముక్కు ముందు పెట్టుకుని పడుకుంటే వేస్తోంది. నాకు మిగిలింది ఒక్క పిల్ల. ఈ మాట బయటికి అనను, ప్రార్థనలో కూడా అనను, కానీ రోజంతా మనసులో అదే తిరుగుతూ ఉంటుంది.

ఈ పడవ తెచ్చింది మా అబ్బాయి సుభాష్. కాకినాడలో ఎవరో పెద్దాయన వాడడం మానేసి ఎండలో వదిలేస్తే, లారీ మాట్లాడి ముక్తేశ్వరం తెచ్చి మా పుట్టింటి కొబ్బరితోటలో దింపించాడు. నాతో ఒక్క మాట అనలేదు, వాళ్ళ డాడీతో మాత్రం అన్నాడని తర్వాత తెలిసింది, తండ్రీకొడుకులకి నా వెనక గూడుపుఠాణీ ఎప్పుడూ ఉండేది. తోటలో దింపిన వారానికే కాయ పడి డెక్కు చిట్లింది, చెట్టు కింద పడవ పెట్టిన తెలివికి నేను నాలుగు రోజులు నవ్వాను. ఆదివారం ఆరాధన అవగానే ఇద్దరూ తెల్లబట్టలు విప్పేసి పాతవి కట్టుకుని తోటకి వెళ్ళిపోయేవాళ్ళు, కూడికలకి రావడం లేదని పాస్టరుగారు నాతో మొత్తుకునేవారు, నేను ఇద్దరికీ క్యారేజీ కట్టి పంపేదాన్ని. సుభాష్‌కి పనికన్నా మాటలెక్కువ. ఇసుక కాగితంతో రుద్దుతూ కూడా మాట్లాడేవాడు, ఈయన ఉలుకూ పలుకూ లేకుండా రుద్దుతూ ఉండేవారు, ఆ పిల్లవాడి మాటలన్నీ ఎక్కడ దాచుకున్నారో ఈ మనిషి. పడవ ఏటిలో దిగడం వాడు చూడలేదు.

దాళ్వా వరి కోతలు. రోడ్డు సగం ధాన్యం. పి.గన్నవరం నుంచి బండి మీద వస్తున్నాడు, అసురసంధ్య వేళ, దీపాలు వేసేంత చీకటీ కాదు, వేయక్కర్లేనంత వెలుతురూ కాదు, ఆరబోసిన ధాన్యం తొక్కకుండా అంచున పెట్టే రాళ్ళుంటాయి చూడండి, అవి. ధాన్యం ఎవరిదో నాకు తెలుసు. ఆ రైతు భూస్థాపనకి వచ్చి గోడ పక్కన నిలబడి, నా వైపు రాలేక వెళ్ళిపోయాడు. అతన్ని తిట్టుకుందామని చాలాసార్లు కూర్చున్నాను, తిట్టుకోలేకపోయాను, మా నాన్నా రోడ్డు మీదే ఆరబోసేవాడు, చిన్నప్పుడు ఆ రాళ్ళు మోసుకొచ్చి వరసగా పెట్టింది నేనే, కళ్ళం ఎవరికుంది ఇప్పుడు, ఎండ ఎక్కడుంటే అక్కడ ఆరబోస్తారు. తప్పు మోపడానికి మనిషి దొరక్కపోవడం ఎంత కష్టమో పడిన వాళ్ళకే తెలుస్తుంది. ఇప్పటికీ కోతల్లో స్కూలుకి వెళ్తూ బస్సులో కళ్ళు మూసుకుంటాను, కండక్టరు నిద్రపోతున్నాననుకుంటాడు.

నేను ఏడ్చాను. బస్సులో ఏడ్చాను, స్టాఫ్‌రూములో ఏడ్చాను, పిండి జల్లిస్తూ ఏడ్చాను, ఎనిమిదో తరగతి పిల్లలు చూస్తుండగా బోర్డు వైపు తిరిగి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. భూస్థాపన నాడు లేదు, జ్ఞాపకార్థ కూడిక నాడు లేదు, తర్వాతా లేదు. జయప్రకాష్‌గారు ధైర్యవంతులండీ, ప్రభువు బలమిచ్చేరండీ అని సంఘంలో అందరూ అన్నారు, నేను తల ఊపాను, ఊపుతుంటే ఒళ్ళు మండిపోయింది. బలమేమిటి, రాయి కూడా ఎండకి వేడెక్కుతుంది. వాడి పేరెత్తితే లేచి వెళ్ళి ఏదో ఒకటి బిగిస్తారు, కుళాయి, తలుపు గడియ, కుక్కరు పిడి, మా ఇంట్లో వదులుగా ఉన్న వస్తువంటూ లేదు ఇప్పుడు. నాకు కావలసింది బిగించడం కాదు. నాతో పాటు ఎవరైనా కూర్చుని ఏడవడం. శారోన్ ఏడ్చింది, కానీ ఆ పిల్ల నన్ను ఊరుకోబెట్టడానికి తన ఏడుపు ఆపేసుకుంది, అది నాకు ఇంకో బాధ.

ఫోను మోగింది, నడుము కింద ఎక్కడో. తీయబోతే మోచెయ్యి కప్పుకి కొట్టుకుంది. శారోనే. "అమ్మా, దొరికిందా?"

"లేదే. ఇంకా పోస్తున్నారు."

"అమలాపురంలో బస్సెక్కేసేనమ్మా. లైఫు జాకెట్లు రెండూ తెచ్చేను. డాడీ ఎలా ఉన్నారు?"

"ఎలా ఉంటారు. పైన ఉన్నారు."

"అమ్మా, దొరక్కపోతే రేపు మానేద్దాం. నేనేం అనుకోను," అంది. అనుకుంటుంది. కలెక్టరాఫీసులో తన సీట్లో కూర్చుని నెలల తరబడి ఈ ఒక్క రోజు కోసం గాలి చూసుకుంటోంది, ఫోనులో ఎప్పుడూ ఆటూ పోటూ లెక్కలే. అన్నయ్య వెళ్దామన్న చోటుకి వెళ్ళొస్తానమ్మా, ఒక్కసారి, అని నా చెయ్యి పట్టుకుని అడిగింది. నేను వద్దనలేకపోయాను, సరే అనీ అనలేదు, జాకెట్టు వేసుకోమన్నాను. ఆ పిల్ల దాన్నే సరేననడం అనుకుంది. ఫోను పెట్టేసి మళ్ళీ టార్చి వేశాను, ఏదీ కారడం లేదు, కుడి కొమ్ము పొడి, రెయిలింగు కాళ్ళు పొడి, తీగ బిగింపు పొడి.

ఆ తీగ బిగింపుకి వెనక, మూరెడు దూరంలో నాలుగు చిన్న నట్లున్నాయి. చదరంగా, నాలుగు మూలలా. ఇందాకటినుంచి టార్చి అటు తిప్పకుండా తప్పించుకుంటున్నాను. అవి ఏ తాడుకీ ఏ తీగకీ సంబంధించినవి కావు. పైన ఉన్న ఇత్తడి పలకవి.

మా వాళ్ళకి ఇదొక అలవాటు, పోయిన మనిషి పేరు ఏదో ఒక వస్తువు మీద ఉండాలి. మా గుడిలో బల్లల మీద పేర్లే, మంచినీళ్ళ ట్యాంకు మీద పేరే, గడియారం మీద పేరే, ఫ్యాను రెక్కల మీద కూడా జ్ఞాపకార్థం అని రంగుతో రాయించేవాళ్ళే. ఫ్యాను తిరిగినంతసేపూ ఏ పేరూ కనపడదు, ప్రసంగం మధ్యలో కరెంటు పోయిందంటే రెక్కలు మెల్లగా ఆగి, మా అత్తగారి పేరు సరిగ్గా నా తల మీద నిలబడుతుంది, అప్పుడు నాకు నవ్వూ వస్తుంది, ఆవిడ మీద ప్రేమా వస్తుంది. సుభాష్ పేరు దేని మీద వేయిద్దామని సంఘపెద్దలు అడిగితే ఈయన ఒకే మాట అన్నారు, పడవ మీద. రాజమండ్రి నుంచి ఇత్తడి పలక చేయించి తెచ్చారు, వాడి పేరు, పుట్టిన రోజు, ప్రభువునందు నిద్రించిన రోజు. ఏటిలో దింపే రోజు ప్రతిష్ఠ ప్రార్థన పెట్టించారు. గట్టు మీద కుర్చీలు, షామియానా, సంఘమంతా వచ్చింది. పలక ముందే బిగించి గుడ్డ కప్పి ఉంచొచ్చు, అందరూ అలాగే చేస్తారు, కానీ ప్రార్థన జరుగుతుండగా నా చేత్తో నేనే బిగిస్తానని పట్టుబట్టారు. పాట మొదలుపెట్టారు, రెండో చరణంలో ఈయన బ్యాటరీ డ్రిల్లు పట్టుకుని వంగారు, పాట ఒక పక్క, డ్రిల్లు చప్పుడు ఒక పక్క, నేనే కింద నట్లు బిగించడానికి ఈ గదిలోకి దూరాను, ఫైబరు పొడి నా కళ్ళలో పడింది, అందరూ నేను ఏడుస్తున్నాననుకున్నారు, నిజంగా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ రోజు తీసిన ఫోటో ఒకటి శారోన్ ఫోనులో ఉంది. ఆయన పలక పక్కన మోకాళ్ళ మీద ఉన్నారు, చొక్కా జేబులోంచి గమ్ము ట్యూబు తల బయటికి కనపడుతోంది. మూత తీయలేదు. ముక్కు కొయ్యలేదు. కొత్త ట్యూబు. ఒక్క మేకు కూడా గమ్ము లేకుండా దిగ్గొట్టని మనిషి, నట్టు కింద వాషరు తిరగబడితే విప్పి మళ్ళీ వేసే మనిషి, ఆ నాలుగు కన్నాలకీ గమ్ము పెట్టలేదు. సంఘం చూస్తోంది, పాట అయిపోతోంది, తొందరో, కళ్ళు కనపడలేదో, వట్టి ఇత్తడి మీద వట్టి బోల్టులు బిగించేశారు. ఆయనకి తెలుసు. ఇప్పుడు కాదు, మొదటి వాన పడినప్పుడే తెలిసి ఉంటుంది. తెలిసే వారం రోజులుగా పడవంతా విప్పి బిగించారు, అదొక్కటి తప్ప.

"అయిపోయినియ్ నిర్మలా. అన్నీ పోసేను," అన్నారు పైనుంచి. "ఏదైనా వచ్చిందా?"

"రాలేదండి."

"మరింకేం. మొన్న పెట్టిన గమ్ము ఇప్పుడు పట్టుంటుంది. లేచి వచ్చేయ్, ఎండెక్కుతోంది."

రావచ్చు. వెనక్కి పాకి, మెట్టెక్కి, పైకి వెళ్ళి, పిండి ముద్దలు గీకి ఏటిలో పారేసి, క్యారేజీ విప్పి ఆయనకి అన్నం పెట్టచ్చు. పలక అలాగే ఉంటుంది, ఆయన రోజూ పొద్దున్నే కొబ్బరిపీచుతో దాన్ని తోమడం అలాగే ఉంటుంది, ఆ తోమడం ఒక్కటే వాడి కోసం ఆయన చేసే పని, దాన్ని కూడా నేను ఎందుకు లాక్కోవాలి. విప్పమంటే ఏమవుతారో. నాలుగు బోల్టుల మీద నిలబడి ఉన్న మనిషిలా ఉన్నారు, అవి తీసేస్తే కూలిపోతే. కూలిపోవాలనే కదా నేను కోరుకున్నాను ఇన్నాళ్ళూ, మరి ఇప్పుడెందుకు ఈ భయం. నా నుదుటి మీద ఉన్న తీగ బిగింపు చూశాను. దాని పక్కన ఫైబరు మీద వేలితో కొట్టాను, టక్కుమంది. ఇంకాస్త వెనక, ఆ నాలుగు నట్ల వైపు జరిగి కొట్టాను, శబ్దం మారింది, టక్కుమనలేదు, మెత్తగా, నానిన అట్ట మీద కొట్టినట్టు ఉంది. ఇంకో వానకాలం చాలు, ఆ మెత్తదనం తీగ దాకా వస్తుంది, ఒకవేళ వచ్చేసిందేమో కూడా, నాకేం తెలుసు. రేపు ఆ కొయ్య కింద శారోన్ కూర్చుంటుంది.

"ఏవండీ."

"ఊఁ."

"పలక దగ్గర పోయలేదు."

ఏటిలో ఏదో బోటు వెళ్తే ఆ అలకి మా పడవ ఊగింది, ఊగి ఆగింది. ఆయన అడుగులు వెనక్కి వెళ్ళాయి, చుక్కాని దాకా. దిగి వెళ్ళిపోతారేమో అనుకున్నాను, గట్టు మీదికి, అక్కణ్ణుంచి బజారుకి, ఏదో నట్టు కొనడానికి. నాకు చెమట చెవుల్లోకి కారుతోంది, తుడుచుకోలేదు. తర్వాత అడుగులు ముందుకి వచ్చాయి, నా ముఖం మీదకి వచ్చి ఆగాయి, మోకాళ్ళు ఒకటొకటిగా కప్పుకి ఆనాయి. పిండి నొక్కుతున్న చప్పుడు, అరచేత్తో, ఒక పక్క, ఇంకో పక్క. మగ్గులోంచి నీళ్ళు పడిన చప్పుడు.

టార్చి పట్టుకుని చూస్తున్నాను. పొడి. ప్రభువా, పొడిగానే ఉండనీ అనుకున్నాను, వెంటనే శారోన్ ముఖం గుర్తొచ్చి, వద్దు, వస్తే ఇప్పుడే రానీ అనుకున్నాను, ఇలాంటి ప్రార్థన పైకి ఎలా చేరుతుంది, ఏది వింటాడాయన. నట్ల దగ్గర ఏమీ లేదు. నట్ల దగ్గర రావాలని ఏముంది. టార్చి జరిపాను, లైటు వైరు కోసం కోసిన కన్నం దగ్గరికి, పరుపు తడిసే చోటికి. అక్కడ అంచున ఒక మచ్చ లేచింది, లేత రంగు, తర్వాత ముదురు రంగు, గుండ్రంగా ఉబ్బి, వేలాడి, నా మెడ మీద పడింది. చల్లగా ఉంది. వేలితో తీసి లైటులో చూసుకున్నాను, చూడక్కర్లేదు, అయినా చూసుకున్నాను. రేపు ప్రయాణం లేదు, కన్నాలు ఆరాలి, ఆ చెక్కంతా కోసి తీయాలి, శారోన్‌కి చెప్పాలి.

"వస్తోందండి," అన్నాను.

"బాగానా?"

"బాగానే."

మగ్గు కింద పెట్టారు. స్క్రూడ్రైవరు బోల్టు తల మీద ఆనిన చప్పుడు వినపడింది, ఆని జారింది, మళ్ళీ ఆనింది, మళ్ళీ జారింది, ఇత్తడి మీద టకటకా కొట్టుకుంటోంది.

"నిర్మలా."

"ఏవండీ."

"నావల్ల అవటం లేదు. నువ్వు పైకొచ్చి తియ్. నేను కింద నట్టు పట్టుకుంటాను."

ఈ వారమంతా తిప్పింది ఆయన, పట్టుకున్నది నేను. వెనక్కి పాకి బయటికి వచ్చాను, ఎండకి కళ్ళు తెరవలేకపోయాను, ఆయన నా ముఖం చూడకుండా స్క్రూడ్రైవరు చేతిలో పెట్టి, స్పానరు తీసుకుని, మెట్టు పట్టుకుని, ఒక మోకాలు, ఇంకో మోకాలు, మూలుగుతూ ఆ గదిలోకి పాకి వెళ్ళిపోయారు. నేను పలక దగ్గర కూర్చున్నాను. నీలినీళ్ళు ఇంకా నిలిచి ఉన్నాయి, వాటి కింద వాడి పేరు. చెంగుతో నీళ్ళు అద్ది తీశాను. పట్టుకున్నారా అన్నాను, పట్టుకున్నాను అన్నారు. మొదటిది తేలిగ్గానే వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోది విప్పుతుంటే కింద పట్టు సడలినట్టయింది, స్పానరు జారిందనుకున్నాను, తర్వాత ఆ చప్పుడు విన్నాను. మొదట ఏమిటో తెలియలేదు, ఇన్నేళ్ళ కాపురంలో నేనెప్పుడూ వినలేదు దాన్ని, గొంతులోంచి కాదు, ఇంకా కిందనుంచి వస్తోంది, ఆగి మళ్ళీ వస్తోంది, దాని మధ్యలో వాడి పేరు. పక్క బోటులో లోవరాజు వల మీదనుంచి తలెత్తి ఇటు చూశాడు, నన్ను చూసి మళ్ళీ తల దించుకున్నాడు, కాసేపటికి లేచి వెళ్ళి ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా ఇంజను వేసి వదిలేశాడు. ఆ మోతలో కూడా నాకు కిందిది వినపడుతూనే ఉంది. మూడోది తీసేశాను. నాలుగోది వదులుగా ఉంది, వేళ్ళతో తిప్పినా వచ్చేస్తుంది. దాన్ని ఒక చుట్టు విప్పాను, మళ్ళీ ఒక చుట్టు బిగించాను, విప్పాను, బిగించాను.

"వచ్చిందా?" అని కిందనుంచి అడిగారు. గొంతు ఆయనది కానట్టుంది.

"ఇంకా లేదండి. బిగుసుకుపోయింది. పట్టుకునే ఉండండి," అన్నాను.